తడి ఆరని కొండ

డబ్లిన్ కన్నా మా కోరుట్లలోనే వాన ఎక్కువ.

ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. ఐర్లండ్ అంటే పొద్దస్తమానం ముసురు, కోరుట్ల అంటే మాడు పగిలే ఎండ. అందరి మనసులో ఉన్న బొమ్మ ఇదే. అంకెలు మాత్రం వేరే చెబుతాయి. డబ్లిన్ విమానాశ్రయం దగ్గర ఏడాదికి సగటున పడే వాన 750 మిల్లీమీటర్ల పైచిలుకు. మా జగిత్యాల జిల్లాలో వెయ్యికి అటూ ఇటూ. అయినా మే నెల వచ్చేసరికి మా దగ్గర చెరువు నెర్రెలు బారుతుంది, బోరు గాలి పోస్తుంది. ఇక్కడ డబ్లిన్ నుంచి కారులో గంట పోతే వచ్చే కొండల మీద మాత్రం నేల లోపలి తడి కొన్ని వేల ఏండ్లుగా ఆరలేదు.

ఆ ఆరని నేలను బాగ్ అంటారు. మొదటిసారి విన్నప్పుడు నాకు బషీర్‌బాగ్ గుర్తొచ్చింది. మనకు బాగ్ అంటే తోట. ఐరిష్ భాషలో ఆ మాటకు మెత్తన అని అర్థం. అదే ఇంగ్లిష్‌లోకి పోయి మెత్తటి తడినేలకు పేరైంది. మనకూ ఊబి, రొంపి, చిత్తడి అనే మాటలున్నాయి కానీ ఏదీ దీనికి సరిగ్గా అతకదు. ఎందుకంటే ఇది బురద కాదు. ఇందులో మట్టి దాదాపు ఉండదు. ఉన్నదల్లా నీళ్లు, ఆ నీళ్లలో సగం కుళ్లి ఆగిపోయిన మొక్కలు. ఆ సగం కుళ్లిన సరుకు పేరు పీట్.

సాఫ్ట్‌వేర్ పని చేసుకునేవాడికి ఈ ముచ్చట ఎందుకు అంటారేమో. మూడేండ్ల కిందట డబ్లిన్ వచ్చినప్పుడు నాకూ అది వీకెండ్ ఫొటోల చోటే. మా బాపు అడిగిన ఒక ప్రశ్న, మా మామ బతుకంతా దిగి ఎక్కిన బొగ్గుబాయి, ఈ రెండూ ఆ కొండ మీదే కలుస్తాయని తెలిశాక ఫొటోలతో ఆగలేకపోయాను.

జీతం కాదు, ఖర్చు చూడాలి

ఆ కొండల పేరు విక్లో. డబ్లిన్‌కు దక్షిణాన ఉంటాయి. వాటిలో ఎత్తైన శిఖరం లగ్నక్విల్లా 925 మీటర్లు. ఊటీ 2,200 మీటర్ల పైన ఉందని గుర్తు చేసుకుంటే ఇవి చిన్న కొండలే. అడుగున ఉన్నది గ్రానైట్, మన కరీంనగర్ గ్రానైట్‌కు దూరపు చుట్టం. బ్రిటిష్ ప్రభుత్వం 1798 తిరుగుబాటు తర్వాత దాక్కున్న తిరుగుబాటుదారులను పట్టుకోవడానికి ఈ కొండల మీదుగా ఒక దారి వేసింది. దాన్ని ఇప్పటికీ మిలిటరీ రోడ్డు అనే అంటారు. ఆ దారి మీద ఫెదర్‌బెడ్స్ అనే చోటు వస్తుంది. దూది పరుపుల్లాంటి ఈకల పరుపులన్నమాట. ఆ పేరెందుకో దిగి నాలుగడుగులు వేస్తే తెలిసిపోతుంది. ఒక్కడు ఎగిరితే పక్కన నిలబడ్డవాడి కాళ్ల కింద నేల ఊగుతుంది. మాతో వచ్చిన ఆర్మూరు దోస్తు "అన్నా, కింద ఎవలో పండుకున్నట్టున్నదే" అన్నాడు.

చెట్టు లేదు. కనుచూపు మేర గోధుమ రంగు గడ్డి, ఊదా పూల పొదలు, అక్కడక్కడా నల్లటి నీటి గుంటలు. వాలు మీద కూడా నీళ్లు నిలిచే ఉన్నాయి. కొండ వాలు మీద నీళ్లు నిలబడటం మనం చూసిన వింత కాదు. మన దగ్గర వాన పడ్డ గంటకే నీళ్లు వాగు దారి పడతాయి.

దీని వెనక ఉన్న లెక్క ఉద్యోగం చేసే ఎవరికైనా తేలిగ్గా అర్థమవుతుంది. నేల తడిగా ఉండాలంటే జీతం ఎంతన్నది కాదు, జీతంలోంచి ఖర్చు పోగా మిగిలేది ఎంతన్నది చూడాలి. వాన జీతం. ఆవిరి ఖర్చు. కోరుట్లలో జీతం వెయ్యి వచ్చినా నాలుగు నెలల్లోనే వస్తుంది. ఖర్చు మాత్రం పన్నెండు నెలలూ ఉంటుంది, అదీ ఎండాకాలంలో అప్పులవాడిలా మీద పడుతుంది. ఏడాది మొత్తం ఎండ గుంజుకోగలిగే నీళ్లు, పడే వాన కన్నా చాలా ఎక్కువ. అందుకే మన నేల ఎప్పుడూ అప్పుల్లోనే ఉంటుంది.

విక్లోలో కథ తిరగబడుతుంది. అట్లాంటిక్ సముద్రం మీద తడిసిన నైరుతి గాలి వచ్చి కొండకు తగిలి పైకి లేస్తుంది. పైకి పోయినకొద్దీ చల్లబడి మబ్బు, తుంపర, వాన అవుతుంది. కింద నగరంలో 750 మిల్లీమీటర్లు పడితే పైన కొన్నిచోట్ల 2,000 దాకా పడుతుంది. ఖర్చేమో చాలా తక్కువ. డబ్లిన్‌లో జులై నెల సగటు ఉష్ణోగ్రతే 15 డిగ్రీలు. 500 మీటర్లు పైకి పోతే ఇంకో మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరి కావడానికి ఎండే లేకపోతే నీళ్లు ఎటు పోతాయి?

ఇట్లా కొండను దుప్పటిలా కప్పే బాగ్ ఏర్పడాలంటే మూడు షరతులని శాస్త్రవేత్తలు చెబుతారు. ఏడాదికి కనీసం 1,000 మిల్లీమీటర్ల వాన. కనీసం 160 వాన రోజులు. బాగా వెచ్చగా ఉండే నెలలో కూడా సగటు 15 డిగ్రీలు దాటకూడదు. మొదటి షరతు దగ్గర కోరుట్ల కూడా ఇంచుమించు పాసే. రెండో దాంట్లో సగం మార్కులు కూడా రావు. మూడోది, మే నెలలో 45 డిగ్రీల దగ్గర ఉండే ఊరి గురించి అడగనే వద్దు.

బాపు ప్రశ్న

ఒక ఆదివారం అక్కడి నుంచే ఇంటికి వీడియో కాల్ చేశాను. బాపు చాలా ఏండ్లు గల్ఫ్‌లో చేసి వచ్చి ఇప్పుడు కాకతీయ కాలువ కింద రెండెకరాలు చేస్తున్నాడు. ఫోన్ తిప్పి నేల చూపించగానే ఆయనకు వ్యవసాయమే కనిపించింది.

"ఏందిరా గది, గంత పదును భూమి ఖాళీగ ఉన్నది?"

"ఇది బాగ్ బాపూ. ఎప్పటికి గిట్లనే తడిగ ఉంటది."

"మరి నాటెయ్యరాదా? ఈడ మనం కాలువ నీళ్లకు కొట్లాడవడితిమి, గాళ్లకు ఊకెనే నీళ్లున్నయి."

"వరి రాదు బాపూ. ఒకటి సలి. ఇంకోటి నేల పులుపు. టమాట పులుసు లెక్క."

"సౌడు భూమి ఎరుకే గని, పుల్లటి భూమి ఎన్నడు ఇనలే." కాసేపు ఆగి మళ్లీ అడిగాడు. "గంత గడ్డి మురుగుతది గదా, అదే ఎరువైతది."

"అది మురగదు బాపూ."

"మురగకపోవుడేందిరా! మన పెంట సూడు. ఉగాదికి పోస్తె దసరాకు ఆనవాలుండది."

నేను పది వెబ్‌సైట్లు చదివి తెలుసుకున్నదాన్ని మా బాపు ఒక్క మాటలో చెప్పేశాడు. మొత్తం తేడా అక్కడే ఉంది. మా చేనులో ట్రాక్టర్ల కొద్దీ పోసిన పెంటను వేడి, గాలి, కోట్ల సూక్ష్మజీవులు కలిసి కొన్ని నెలల్లో తినేస్తాయి. వేడి 10 డిగ్రీలు పెరిగితే కుళ్లే వేగం సుమారు రెట్టింపు అవుతుందని మోటు లెక్క. అందుకే వేడి దేశాల రైతు ఏటేటా మళ్లీ పోయాల్సిందే.

బాగ్‌లో ఆ తినేవాళ్లకు మూడు అడ్డంకులు. చలి వాళ్లను మందం చేస్తుంది. నిలిచిన నీళ్లు గాలి ఆడనివ్వవు. మూడోది, స్పాగ్నమ్ అనే నాచు. చూడటానికి మెత్తని పచ్చటి స్పాంజి. ఎండిన బరువుకు దాదాపు 20 రెట్ల నీళ్లు పట్టుకుంటుంది. అంతేకాదు, వాన నీళ్లలో ఉండే ఆ కాస్త పోషకాలనూ గుంజుకుని బదులుగా ఆమ్లాన్ని వదులుతుంది. పులుపు అందుకే. పచ్చళ్లు పెట్టేవాళ్లకు దీన్ని వివరించనక్కర్లేదు. గాలి తగలకుండా, పులుపులో ఊరేస్తే మామిడికాయ ఏడాది ఆగుతుంది. ఇక్కడ కొండే ఒక జాడీ.

అందుకే ఏటా చచ్చిన గడ్డి, నాచు పూర్తిగా కుళ్లకముందే తర్వాతి ఏడాది పొర వచ్చి మీద పడుతుంది. మొత్తం మీద పీట్ పెరిగేది ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు. మన వేలి గోరు అంతకన్నా చాలా వేగంగా పెరుగుతుంది. కానీ వేల ఏండ్లు ఆగకుండా పెరిగితే మనిషి నిలువు లోతు అవుతుంది.

ఎవరూ డిలీట్ చేయని లాగ్

మా పనిలో సర్వర్ ఏం చేసిందో నిమిషం నిమిషం రాసుకునే ఫైల్ ఒకటుంటుంది. లాగ్ అంటాం. కొత్త లైను కిందే చేరుతుంది, పాతదాన్ని ఎవరూ ముట్టరు. బాగ్ కూడా అంతే, కాకపోతే కొత్త లైను పైన చేరుతుంది.

పైనుంచి కిందికి ఒక సన్నటి గొట్టం దించి పీట్‌ను కడ్డీలా బయటికి తీస్తారు. ఏ లోతులో ఏ చెట్టు పుప్పొడి ఉందో చూసి అప్పటి అడవి ఏమిటో చెబుతారు. ఐర్లండ్ బాగ్‌లలో ఐస్‌లాండ్ అగ్నిపర్వతాల బూడిద పొరలు కూడా దొరికాయి. పశ్చిమాన మేయో కౌంటీలో 1930ల్లో ఒక బడిపంతులు పీట్ కోస్తుంటే అడుగున రాళ్లు వరుసగా పేర్చినట్టు కనిపించాయి. ఆయన పేరు పాట్రిక్ కాల్ఫీల్డ్. తర్వాత ఆయన కొడుకు షేమస్ కాల్ఫీల్డ్ పురావస్తు శాస్త్రవేత్త అయి దశాబ్దాల పాటు వెతికి చూస్తే, అవి రాతియుగపు రైతుల పొలం గట్లు. మైళ్ల కొద్దీ పొలాలు, గట్లతో సహా, పీట్ కింద ఉన్నాయి. ఈ ముచ్చట చెబితే బాపు మొదట అడిగింది "ఒడ్డు పంచాయితీ లేకుండె గదా అప్పుడు?" అని.

డబ్లిన్‌లో ఉన్న మనవాళ్లకు ఒక సలహా. కిల్డేర్ స్ట్రీట్‌లోని నేషనల్ మ్యూజియంకు టికెట్ లేదు. వెళ్లి ఓల్డ్ క్రోగన్ మ్యాన్‌ను చూడండి. 2003లో ఆఫలీ కౌంటీలో ఒక బాగ్‌లో దొరికిన మనిషి. తల లేదు, నడుము కింద లేదు. ఉన్న చేతులు మాత్రం నిన్న మొన్నటివిలా ఉంటాయి. గోళ్లున్నాయి, చర్మం మీద ముడతలున్నాయి. చనిపోయింది క్రీస్తు పూర్వం 362-175 మధ్య. పక్క గదుల్లో బాగ్‌లలో దొరికిన వెన్న ముద్దలు కూడా ఉన్నాయి. చల్లగా ఉంటుందని ఎప్పుడో దాచుకున్నవాళ్లు మళ్లీ తీసుకోవడానికి రాలేదు.

ఆ చేతుల ముందు నిలబడితే నాకు మా జిల్లాలోని కోటిలింగాల గుర్తొచ్చింది. గోదావరి ఒడ్డున శాతవాహనుల కాలం నాటి ఊరు. తవ్వితే ఇటుకలు దొరికాయి, నాణేలు దొరికాయి. ఇంచుమించు అదే కాలం. కానీ ఆ నాణేలు పట్టుకున్న చేతులు మిగల్లేదు, వాళ్లు తిన్న వెన్న మిగల్లేదు. మన నేల లోహాన్ని, మట్టిని మిగుల్చుతుంది. బతికినదాన్ని తిరిగి వాడుకుంటుంది. వాళ్ల నేల దాస్తుంది. ఇందులో గొప్ప, తక్కువ ఏమీ లేదు. వాతావరణం తేడా అంతే.

మన దక్షిణాదిలో ఇట్లాంటి నేల అసలు లేదనుకోకండి. ఊటీ చుట్టుపక్కల 2,000 మీటర్ల పైన, నీలగిరి లోయల్లో పీట్ ఉంది. టీ తోటల ముందు సెల్ఫీలు దిగి వచ్చేవాళ్లలో ఎంతమందికి తెలుసో మరి. రామన్ సుకుమార్, ఆయన తోటి శాస్త్రవేత్తలు ఆ పీట్‌లోని కార్బన్‌ను పరీక్షించి, గత 20,000 ఏండ్లలో అక్కడ ఎప్పుడు పొడి కాలం నడిచిందో, ఎప్పుడు వానలు పెరిగాయో 1993లో నేచర్ పత్రికలో రాశారు. మన రుతుపవనాల పాత చిట్టా ఆ చల్లటి లోయల్లో భద్రంగా ఉంది.

మామ బాయిలో దొరికిన ఆకు

ఇప్పుడు గోదావరిఖని పోదాం. మా మేనమామ అక్కడ సింగరేణిలో ఫిల్లర్‌గా మొదలుపెట్టాడు. తట్ట, చెమ్మస్ పట్టుకుని బొగ్గు నింపే పని. చిన్నప్పుడు సెలవులకు పోతే మామ ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చేదాకా అత్తమ్మ అన్నం తినేది కాదు. వాళ్లింట్లో టీవీ పక్కన ఒక రాతి పలక ఉంటుంది. దాని మీద నాలుక ఆకారంలో ఒక ఆకు అచ్చు, ఈనెలతో సహా. నేను మామిడాకు అనుకునేవాణ్ని. "బాయిల పైకప్పుకు గిసొంటియి మస్తు కనవడుతుండె, లైటు కొడితె తోట లెక్క ఉంటుండె" అనేవాడు మామ.

ఆ ఆకు గ్లోసోప్టెరిస్. ఇప్పుడు భూమ్మీద ఎక్కడా లేని చెట్టు. సుమారు 28 కోట్ల ఏండ్ల కిందట మన నేల అంటార్కిటికాను ఆనుకుని, దక్షిణ ధ్రువం వైపు ఉండేది. దాని మీద మంచు పేరుకుని ఉండేది. ఆ మంచు మోసుకొచ్చి పడేసిన రాళ్ల పొర గోదావరి లోయలో బొగ్గు పొరల అడుగున ఇప్పటికీ ఉంది. ఒడిశాలోని తాల్చేర్ పేరు మీద దాన్ని తాల్చేర్ పొర అంటారు. మంచు కరిగాక మిగిలింది చల్లటి, తడి లోయ. ఆ లోయలో గ్లోసోప్టెరిస్ అడవులు పెరిగాయి, పడిపోయాయి, నీళ్లలో సగం కుళ్లి ఆగిపోయాయి. అంటే పీట్ అయ్యాయి. దాని మీద ఇసుక, మట్టి పడి, కోట్ల ఏండ్లు నొక్కుకుని, వేడెక్కి బొగ్గయింది.

విక్లోలో ఉన్నది నాచు, మన దగ్గర పడింది చెట్లు. అది కొండ, ఇది లోయ. సూత్రం మాత్రం ఒక్కటే. చలి, తడి, గాలి ఆడని నీళ్లు. రామగుండం ఎండల్లో నిలబడి ఇది నమ్మడం కష్టమే కానీ, తెలంగాణ కూడా ఒకప్పుడు ఐర్లండ్ లాంటి చల్లటి తడినేల. మన బొగ్గు పాత బాగ్. వాళ్ల బాగ్ ఇంకా బొగ్గు కాని బొగ్గు.

ఒక మీటరు బొగ్గు కావాలంటే 10 మీటర్ల దాకా పీట్ కావాలని ఒక మోటు లెక్క. ఏడాదికి మిల్లీమీటరు చొప్పున 10 మీటర్లంటే 10,000 ఏండ్లు. ఈ లెక్క ఫోన్‌లో చెబితే మామ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "అంటే నేను ఒక్క షిఫ్టుల ఎన్ని ఏండ్లు నింపిన్నో" అన్నాడు.

ఎవరి పొయ్యి, ఎవరి ఎండ

ఐర్లండ్‌కు చెప్పుకోదగ్గ బొగ్గు లేదు. పీటే పొయ్యి. సన్నటి పారతో ఇటుకల్లా కోసి, ఎండబెట్టి, చలికాలమంతా కాల్చుకునేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ నుంచి బొగ్గు రావడం తగ్గిపోతే డబ్లిన్ జనం ఈ ఫెదర్‌బెడ్స్ మీదికి వచ్చి పీట్ కోసుకున్నారు. ఫీనిక్స్ పార్కులో రోడ్డు పొడుగూ పీట్ గుట్టలు పోశారు. 1946లో ప్రభుత్వం బోర్డ్ నా మోనా అనే సంస్థ పెట్టి, మధ్య జిల్లాల్లోని పెద్ద పెద్ద బాగ్‌లకు కాలువలు తీసి, నీళ్లు పారదోలి, యంత్రాలతో పీట్ తీసి కరెంటు చేయించింది. అక్కడి ఊళ్లకు అది మన సింగరేణి లాంటిది. నౌకరి, క్వార్టరు, పిల్లల చదువు, అన్నీ దాని మీదే.

మా టీమ్‌లో ఆఫలీ అమ్మాయి ఒకామె ఉంది. వాళ్ల నాన్న ముప్పై ఏండ్లు పీట్ పని చేశాడు. "మా నాన్న వస్తున్నాడంటే ముందు ఆ వాసన వచ్చేది" అంది ఒకసారి. నాకు మామ చొక్కా వాసన గుర్తొచ్చింది. మా ఇద్దరి చిన్నతనాలూ ఒకే సరుకు మీద గడిచాయని ఇద్దరమూ అప్పుడే గ్రహించాం.

2020 డిసెంబరులో అక్కడి రెండు పెద్ద పీట్ కరెంటు కేంద్రాలు మూతపడ్డాయి. 2021 జనవరిలో బోర్డ్ నా మోనా పీట్ తీయడమే ఆపేసింది. కారణం మీకు తెలిసే ఉంటుంది. ప్రపంచంలో పీట్ నేలలు మొత్తం భూభాగంలో 3 శాతమే. మట్టిలో దాగున్న కార్బన్‌లో మాత్రం దాదాపు మూడో వంతు వాటిలోనే ఉంది. అడవులన్నీ కలిపి దాచినదాని కన్నా ఎక్కువ. నీళ్లు తీసేస్తే జాడీ మూత తీసినట్టే. గాలి తగులుతుంది, ఆగిపోయిన కుళ్లుడు మళ్లీ మొదలవుతుంది, వేల ఏండ్ల పొదుపు పొగై పోతుంది. ఇక కాల్చడమంటే చెప్పేదేముంది?

ఆ అమ్మాయి నాన్న ఇప్పుడు అవే నేలల్లో కాలువలకు అడ్డుకట్టలు వేసే పనికి పోతున్నాడు. ముప్పై ఏండ్లు నీళ్లు బయటికి పంపిన మనిషి ఇప్పుడు నీళ్లు ఆపుతున్నాడు. అందరికీ ఆ పని దొరకలేదని, కొన్ని ఊళ్లలో కుర్రాళ్లు డబ్లిన్ బస్సెక్కారని కూడా ఆమే చెప్పింది.

ఇదంతా విని ఐర్లండ్ మంచి పిల్లాడు, మనం పొగ గొట్టాలం అని రాసి పడేయడం తేలిక. నేను రాయలేను. ఎందుకంటే నా పని కూడా కరెంటు మీదే నడుస్తుంది. ఈ దేశంలో డేటా సెంటర్లు 2015లో మొత్తం కరెంటులో 5 శాతం వాడేవి. 2023కి 21 శాతమైంది. మీరు ఇప్పుడు చూస్తున్న రీల్ ఎక్కడో ఒక చోట ఏదో ఒకటి కాలితేనే మీ ఫోన్‌లోకి వస్తుంది.

ఇంకో వైపు మా అమ్మ ఉంది. మే నెలలో కోరుట్లలో పొద్దున పదింటికే గోడలు కాగుతాయి. ఆ వేడిలో అమ్మ చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతుంది. "ఫ్యాను గాలి సుత నిప్పులు పోసినట్టే ఉన్నది బిడ్డా" అంటుంది. ఆ ఫ్యాను తిరిగేది చాలావరకు బొగ్గు కరెంటుతో. ఆ ఎండ ఏటేటా ముదురుతున్నది కూడా ప్రపంచమంతా బొగ్గు, పీట్, చమురు కాల్చుతున్నందుకే. అమ్మను కాపాడేదీ, కాల్చేదీ ఒకటే సరుకు. ఫ్యాను బంద్ చెయ్యమని నేను ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

అయిదున్నర నెలల చలికాలం పొయ్యి కోసం పీట్ కాల్చినవాళ్లు మొదలుపెట్టి ఆపడానికి వందల ఏండ్లు పట్టింది. వాళ్లది సుమారు 50 లక్షల జనం. మనది మూడున్నర కోట్ల పైమాట. సింగరేణి ఏడాదికి దాదాపు 7 కోట్ల టన్నుల బొగ్గు తీస్తున్నది. రేపు పొద్దున ఆపేద్దామనేవాడు గోదావరిఖని చూసి ఉండడు. ఎప్పటికీ ఆపక్కర్లేదనేవాడు మే నెలలో మా ఇంటికి వచ్చి ఉండడు.

ఈ ఏడాది మామ కొడుకు ఫోన్ చేశాడు. ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేశాడు. మామ ఆరోగ్యం బాగాలేక ముందే దిగిపోయాడు కాబట్టి వారసత్వ నౌకరికి అవకాశం ఉంది. "బావా, బాయి నౌకరికి పోవాల్నా, ఇంకేమన్న సూసుకోవాల్నా? నువ్వే చెప్పు" అన్నాడు. సలహా చెప్పే ధైర్యం నాకు లేదు. తెలిసిన లెక్కలు చెప్పాను. ఒకప్పుడు లక్ష దాటి ఉన్న సింగరేణి కార్మికులు ఇప్పుడు 40 వేల చిల్లర. ఓపెన్ కాస్టులు, యంత్రాలు వచ్చి మనుషులను తగ్గించాయి, వాతావరణం పేరు ఎవరూ ఎత్తకముందే. వాళ్ల ఊరి పక్కనే రామగుండం రిజర్వాయరు నీళ్ల మీద ఎన్టీపీసీ 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నాయి, 2022 నుంచి పూర్తిగా నడుస్తున్నాయి. వాటికీ ఎలక్ట్రీషియన్లు కావాలి, కానీ బాయికి కావలసినంత మంది కాదు. ఆఫలీలో మూతపడ్డప్పుడు ముందే వేరే పని నేర్చుకున్నవాళ్లు నిలబడ్డారని కూడా చెప్పాను.

వాడు ఆలోచిస్తానన్నాడు. ఫోన్ మామ తీసుకున్నాడు.

"నువ్వు చెప్పేది నాకు ఎరుకే బిడ్డా. బొగ్గు ఒక దినం ఒడుస్తది. ఒడిసిపోతదని ఏడ్సుడెందుకు? ఒడువక ముందే పోరగాండ్లకు ఇంకో పని సూపెట్టాలె. గది ఎవలు సూపెడుతున్నరు, గదే నా ఫికరు."

విక్లో కొండకు తొందర లేదు. కోసినచోట నీళ్లు ఆపితే మళ్లీ నాచు పడుతుంది, ఏడాదికి ఒక మిల్లీమీటరు చొప్పున మళ్లీ మొదలుపెడుతుంది. మామ కొడుక్కి అంత టైమ్ లేదు. వారసత్వ నౌకరి కాగితాలు ఇంకా సంతకం కాకుండా ఆ రాతి పలక కిందే ఉన్నాయట, ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా.